కుమానో కొదో: అమ్మానాన్నలతో వెళ్తే ఎక్కడ నడవాలి, ఎక్కడ బస్సెక్కాలి

నమస్తే. మీరు అడిగింది క్లుప్తంగా ఇది: నవంబరులో ఒసాకా నుంచి నాలుగు రోజులు వీలుంది, అరవై దాటిన అమ్మానాన్నలు తోడున్నారు, అందరూ శాకాహారులు, జపాన్‌ అడవుల్లో పాత గుళ్ళ మీదుగా సాగే కుమానో కొదో యాత్రాదారి నడవాలనుంది, తకిజిరి నుంచి హోంగూ దాకా రెండు రోజుల్లో వెళ్ళిపోవచ్చా అని. అలవాటున్నవాళ్ళు వెళ్తారు. మీ నలుగురి జట్టుకు మాత్రం ఆ దారి వద్దంటాను. ఆ 38 కిలోమీటర్లు పూర్తి చేసే హడావిడిలో గుళ్ళు చూడటానికి టైముండదు. దారి చివరి 7 కిలోమీటర్లు, నాచి దగ్గరున్న రాతిమెట్ల దారి, ఈ రెండూ తీరిగ్గా నడిస్తే కుమానో అసలు స్వరూపం మీకు దొరుకుతుంది.

ముందు ఊళ్ళు, గుళ్ళు ఎక్కడున్నాయో చెప్తాను. ఒసాకాకు దక్షిణంగా, పసిఫిక్ సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కీ ద్వీపకల్పం కొండల్లో మూడు పెద్ద షింటో (జపాన్ సొంత దేవతల మతం) గుళ్ళున్నాయి, తైషా అంటే పెద్ద గుడి: హోంగూ తైషా, హయతమ తైషా, నాచి తైషా. మూడింటినీ కలిపి కుమానో సన్‌జన్ అంటారు. వీటికి వెళ్ళే కాలిదారులన్నీ కుమానో కొదో. చక్రవర్తులు, రాణివాసం, తర్వాతి రోజుల్లో మామూలు జనం క్యోటో నుంచి ఈ దారుల్లోనే వచ్చేవారు. 1201లో, సింహాసనం వదిలిన గో-తొబా చక్రవర్తి యాత్రలో వెంట వచ్చిన ఫుజివర నో తెయికా అనే కవి రాసుకున్న దినచర్య ఇప్పటికీ ఉంది, దారి కష్టం మీద ఆయన ఫిర్యాదులతో సహా. 2004లో యునెస్కో ఈ గుళ్ళను, దారులను కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. దారులకే ఆ గుర్తింపు రావడం అరుదు.

ఈ కొండల్లో దూరాన్ని కిలోమీటర్లలో లెక్కేస్తే దెబ్బతింటారు. ఉదాహరణకు కొగుచి నుంచి నాచికి వెళ్ళే ఓగుమొతొరి-గొయె దారి పొడవు 14.5 కి.మీ. మైదానంలో అయితే మధ్యాహ్నం భోజనానికి చేరిపోతాం. ఇక్కడ మొదటి ఐదు కిలోమీటర్లలోనే దాదాపు 800 మీటర్ల ఎత్తు ఎక్కాలి, అందులోనూ దొగిరి-జకా అనే ఏటవాలు మనిషిని నిలువునా పిండేస్తుంది. మొత్తం ఏడు నుంచి తొమ్మిది గంటలు. మధ్యలో బస్సు లేదు, విరమించుకుందామన్నా దారి లేదు. అమ్మానాన్నలతో ఆ ముక్క జోలికి పోవద్దు. తకిజిరి దగ్గర మొదటి నాలుగు కిలోమీటర్లూ అంతే: అడుగు పెట్టగానే వేళ్ళు పైకి తేలిన నిట్టనిలువు ఎక్కుడు, తకహర పల్లె చేరేసరికి రెండు గంటలు. అక్కడ కర్పూర వృక్షాల నీడలో ఉన్న చిన్న గుడి ఈ దారి మీద మిగిలినవాటిలో చాలా పాతది, చూడదగ్గదే. కానీ మీ యాత్ర ఆ ఎక్కుడుతో మొదలైతే పెద్దవాళ్ళ మోకాళ్ళు మొదటి రోజే అయిపోతాయి, మిగతా మూడు రోజులూ నొప్పి మాటలే.

కాబట్టి నా సలహా ఇలా.

మొదటి రోజు షిన్-ఒసాకాలో కురొషియో ఎక్స్‌ప్రెస్ ఎక్కి కీ-తనబెలో దిగండి. రెండుంపావు గంటలు, కాస్త అటూ ఇటూ. స్టేషన్ పక్కనే పర్యాటక సమాచార కేంద్రం ఉంది, మ్యాపులూ ఆనాటి బస్సు టైములూ అక్కడే తీసుకోండి. అక్కడి నుంచి బస్సులో యునొమినె వేడినీటి ఊరికి రెండు గంటలు పడుతుంది. బస్సులు గంటకొకటి కూడా ఉండవు, అందుకే రైలు టైమును బస్సు టైమును బట్టి పెట్టుకోవాలి. చాలామంది ముందు రైలు బుక్ చేసి, తర్వాత బస్సు కోసం స్టేషన్లో రెండు గంటలు కూర్చుంటారు. మీకు మిగతా కన్సాయ్ ప్రాంతం కూడా తిరిగే ఉద్దేశం ఉంటే, జేఆర్ వెస్ట్ కన్సాయ్ వైడ్ ఏరియా పాస్ షింగూ దాకా పనిచేస్తుంది. కొండ బస్సులకు విడిగా చిల్లర పెట్టుకోండి.

రెండో రోజు అసలు నడక. పొద్దున్నే బస్సులో హోంగూకు, అక్కడ బస్సు మారి హొష్షిన్‌మొన్-ఓజికి. ఓజి అంటే పెద్ద గుడికి వెళ్ళే దారిలో యాత్రికులు ఆగి మొక్కుకునే చిన్న మజిలీ గుడి. మొత్తం తొంభైతొమ్మిది ఉండేవని వాడుక. వీటిలో చాలావాటికి ఇప్పుడు కట్టడమే లేదు, ఒక రాతి పలక, రెండు చెట్లు, అంతే. గుడి ఏదని వెతుక్కోకండి, ఆ పలకే గుడి. పక్కన పక్షిగూడులాంటి చెక్కపెట్టె ఉంటుంది, తలుపు తీస్తే లోపల రబ్బరు ముద్ర. సమాచార కేంద్రంలో ఇచ్చే చిన్న పుస్తకంలో ఆ ముద్ర వేసుకుంటూ పోవచ్చు. ఒక్కోసారి ఇంకు ఎండిపోయి ఉంటుంది, చిన్న ఇంకుప్యాడు వెంట ఉంటే పిల్లలకూ పెద్దలకూ సరదా తప్పిపోదు.

హొష్షిన్‌మొన్ నుంచి హోంగూ దాకా సుమారు 7 కి.మీ., ఎక్కువ భాగం దిగుడే. గబగబా అయితే రెండు గంటలు. మీరు మూడున్నర గంటలు పెట్టుకోండి. మొదట తారురోడ్డు మీద పల్లెలోంచి, తేయాకు పొదల పక్కనుంచి పోతుంది. మిజునోమి-ఓజి దాటాక అడవి. ఫుషిఒగామి-ఓజి దగ్గర చెట్లు విడిపోయి కింద లోయ కనబడుతుంది. ఎన్నో రోజులు నడిచొచ్చిన యాత్రికులు హోంగూ చోటును మొదటిసారి చూసి సాష్టాంగపడిన తావు అదే. అక్కడ బెంచీలు, మరుగుదొడ్డి ఉన్నాయి, మధ్యాహ్నం డబ్బా విప్పడానికి అంతకన్నా మంచి చోటు లేదు.

ఆ ఓజికి సంబంధించి ఒక కథ చెప్పి తీరాలి, ఎందుకంటే నెలసరిలో గుడికి వెళ్ళొచ్చా అని మన ఆడవాళ్ళు తరచు అడిగే ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. వెయ్యేళ్ళ కిందటి కవయిత్రి ఇజుమి షికిబు ఇక్కడిదాకా వచ్చాక నెలసరి మొదలైందట. గుడికి వెళ్ళే యోగం లేదని పద్యం చెప్పుకుని ఆగిపోతే, ఆ రాత్రి కుమానో దేవుడు కలలో కనిపించి, నాకు అంటు లేదు, రమ్మని బదులు పద్యం చెప్పాడని ఐతిహ్యం. మగా ఆడా, జబ్బుపడ్డవాళ్ళు, అందరినీ రానిచ్చే క్షేత్రమని కుమానోకు పేరు. ఇవే కీ కొండల్లో ఓమినె శ్రేణిలోని సంజొగతకె శిఖరం మీదికి ఆడవాళ్ళను నేటికీ వెళ్ళనివ్వరు. కుమానోలో ఏ గుళ్ళోనూ అలాంటి ఆంక్ష లేదు, నిశ్చింతగా వెళ్ళండి.

దిగుడు అని తేలిగ్గా తీసుకోవద్దు. జారిపడేది ఎక్కువగా ఈ దిగుళ్ళలోనే. పాతకాలం రాళ్ళు నున్నగా అరిగి ఉంటాయి, వాటి మీద నాచు, దాని మీద సుగి అనే పొడవాటి కలపచెట్ల ఎండాకు. కీ ద్వీపకల్పం జపాన్లో బాగా వానలు కురిసే చోట్లలో ఒకటి, పైగా దట్టమైన చెట్ల నీడ కాబట్టి వాన వెలిసిన రెండు రోజులకు కూడా రాయి పూర్తిగా ఆరదు. వాకింగ్ షూ అరిగిపోయి ఉంటే అవి వద్దు, లోతైన గాళ్ళున్న బూట్లు కావాలి, యాత్రకు ముందే నెల రోజులు వేసుకుని అలవాటు చెయ్యాలి. తడిరాయి మీద మడమ ముందు ఆనించకుండా పాదమంతా ఒకేసారి పెట్టాలి, అడుగులు చిన్నవిగా. రాయికి, పక్కన మట్టికి మధ్య ఎంచుకునే వీలుంటే మట్టే నయం. చేతికర్ర అమ్మానాన్నలిద్దరికీ ఒక్కొక్కటి ఉండాలి. లోహపు మొన ఉన్న కర్ర అయితే రబ్బరు తొడుగు తగిలించండి: మొన రాతి మీద జారుతుంది, పాత దారినీ చెక్కేస్తుంది.

దారి తప్పే భయం పెద్దగా లేదు. తకిజిరి నుంచి హోంగూ దాకా ప్రతి 500 మీటర్లకూ అంకె వేసిన స్తంభం ఉంటుంది, 1 నుంచి 75 దాకా. పక్కదారుల దగ్గర, ఇది కుమానో కొదో కాదు అని రాసిన పలకలు కూడా పెట్టారు. చివరిగా దాటిన స్తంభం అంకె గుర్తుపెట్టుకోండి. ఎవరికైనా కాలు మడతపడి అంబులెన్సు కోసం 119కి ఫోన్ చెయ్యాల్సి వస్తే మీరెక్కడున్నారో చెప్పే చిరునామా అదే. లోయల్లో సిగ్నల్ పోతుంటుంది, మ్యాపు ముందే ఫోన్లో దించుకోండి. అడవిలో తేనెటీగల కన్నా పెద్దవైన సుజుమెబచి కందిరీగలు వేసవి చివర, శరదృతువులో చురుగ్గా ఉంటాయి. సెంటు పూసుకోవద్దు, నల్లబట్టలు వద్దు, ఒకటి చుట్టూ తిరుగుతుంటే చేతులు విసరకుండా మెల్లగా వెనక్కి జరగాలి.

వెలుగు సంగతి. నవంబరులో ఐదు ప్రాంతంలోనే పొద్దుగూకుతుంది, సుగి అడవిలో నాలుగింటికే చీకటి పరుచుకుంటుంది. ఈ అడవిలో చాలా భాగం కలప కోసం దగ్గరదగ్గరగా నాటిన సుగి, హినోకి చెట్లే. అందుకే అంత చీకటి. నిజమైన పాత చెట్లు గుళ్ళ ఆవరణల్లో మిగిలాయి, అవి మిగలడం వెనుక కూడా ఒక మనిషి పోరాటం ఉంది. 1906లో ప్రభుత్వం చిన్న గుళ్ళన్నీ పెద్ద గుళ్ళలో కలిపెయ్యమని ఉత్తర్వు ఇచ్చింది. గుడి పోతే దాని చెట్లు కలపకే. తనబెలో ఉండే ప్రకృతి శాస్త్రవేత్త మినకత కుమగుసు దాన్ని తీవ్రంగా వ్యతిరేకించాడు. తకిజిరి-హోంగూ దారి మధ్యలో, మీరు ఈసారి నడవని భాగంలో, త్సుగిజకుర-ఓజి దగ్గర కొమ్మలన్నీ ఒకే దిక్కుకు చాచి నిలబడ్డ మహావృక్షాలు ఆయన పుణ్యాన మిగిలినవే. ఎప్పుడైనా రెండోసారి వెళ్తే అక్కడ ఆగండి.

ఇక హోంగూ తైషా. నడిచొచ్చేవాళ్ళకు ఒక చిక్కు: దారి హరైదో-ఓజి మీదుగా వచ్చి గుడి వెనకవైపు తేలుతుంది. అలసిపోయి ఉంటారు కాబట్టి చాలామంది అట్నుంచే లోపలికి వెళ్ళి దండం పెట్టి బయటపడతారు. దానివల్ల ముందువైపు తోరి, అంటే గుడి ముందరి తోరణద్వారం, ఎత్తైన సుగి చెట్ల మధ్య 158 మెట్లు, రెండూ తప్పిపోతాయి. దర్శనం తర్వాత ఆ మెట్లు దిగి వెళ్ళండి. కిందే ఊరు, బస్టాపు.

దర్శనం పద్ధతి మనకు అలవాటైనదానికి దూరంగా ఏమీ ఉండదు. తోరి దగ్గర తలవంచి, మధ్యలో కాకుండా పక్కగా నడవాలి, మధ్య దారి దేవుడిది. నీళ్ళతొట్టి దగ్గర కుడిచేత్తో గరిటె పట్టి ఎడమచెయ్యి కడగాలి, తర్వాత కుడిచెయ్యి. అరచేతిలో పోసుకున్న నీళ్ళతో నోరు పుక్కిలించాలి, గరిటె ఎంగిలి చెయ్యకూడదు. ఎడమచెయ్యి మళ్ళీ ఒకసారి, చివరికి గరిటె నిలబెట్టి మిగిలిన నీళ్ళతో దాని కాడ కడిగి బోర్లించాలి. ఒక్క గరిటెడు నీళ్ళతో అంతా అయిపోవాలి. ఉమ్మేది తొట్టి బయట. సన్నిధిలో నాణెం వేసి, రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మొక్కుకుని, మళ్ళీ ఒకసారి వంగాలి. బౌద్ధాలయంలో చప్పట్లు ఉండవు, చేతులు జోడించడమే. గర్భగుడి చుట్టూ ప్రదక్షిణకు దారుండదు, వెతకొద్దు.

హోంగూలో మూడు కట్టడాల్లో నాలుగు సన్నిధులు, వరుసగా వెళ్ళకూడదు. ప్రధాన దైవం మూడో సన్నిధిలో ఉంటాడు. ముందు మూడు, తర్వాత రెండు, ఒకటి, ఆపైన నాలుగు. అంకెల పలకలున్నాయి. కప్పు చూడండి: పెంకు కాదు, రేకు కాదు, హినోకి చెట్టు బెరడును పలచని పొరలుగా పేర్చి గట్టిగా మందం చేసింది. అంచు దగ్గర నిలబడి పైకి చూస్తే పొరలన్నీ కనబడతాయి. చెక్కకు రంగు వెయ్యలేదు. లోపలి ఆవరణలో ఫొటోలకు ఆంక్షలున్నాయి, పలకలు చూసుకోండి.

గుడి మొదట ఇక్కడ లేదు. పది నిమిషాల దూరంలో, నదుల సంగమంలో ఉన్న ఓయునొహర దిబ్బ మీద ఉండేది. వంతెన ఉండేది కాదు, యాత్రికులు ఒతొనషి వాగులో దిగి తడిసి, ఆ తడితోనే గుళ్ళోకి వెళ్ళేవారు. 1889 ఆగస్టు వరదలో కట్టడాలు చాలావరకు కొట్టుకుపోయాయి, మిగిలినవాటిని విప్పి 1891లో ఇప్పటి గుట్ట మీద నిలిపారు. దిబ్బ ముందు 2000లో కట్టిన 33.9 మీటర్ల ఉక్కు తోరి ఉంది, అందరూ దాని కిందే ఫొటో దిగి వెనక్కి తిరిగిపోతారు. లోపలికి నడవండి. పెద్ద చెట్ల మధ్య ఖాళీ గడ్డిమైదానం, రెండు చిన్న రాతి గుళ్ళు. పోయిన సన్నిధుల దేవతలు అందులో ఉన్నారు. మూడు గుళ్ళలోనూ నాకు అన్నిటికన్నా పవిత్రంగా తోచే చోటు ఆ ఖాళీయే.

సాయంత్రానికి బస్సులో యునొమినె. మీలో ఓపిక మిగిలినవాళ్ళు దైనిచి-గొయె అనే చిన్న కొండదారిలో నడిచి రావచ్చు, సుమారు మూడు కిలోమీటర్లే గానీ ఎక్కుడు గట్టిది. రెండు గంటల్లోపు అవ్వదనుకుని రెండింటికల్లా బయల్దేరాలి. యునొమినెలో వాగు మధ్య చెక్కగది కట్టిన త్సుబోయు అనే చిన్న వేడినీటి గుంట ఉంది, వారసత్వ జాబితాలో ఉన్న స్నానగుండం. ఒక్కో జట్టుకు అరగంట చొప్పున వంతు. బహిరంగ స్నానశాలల్లో అందరి ముందు బట్టలు లేకుండా దిగడానికి మనవాళ్ళు మొహమాటపడతారు, ఇక్కడ తలుపేసుకుని కుటుంబంగా దిగొచ్చు. ఒళ్ళు ముందు నీళ్ళు పోసుకుని కడుక్కున్నాకే లోపలికి దిగాలి. నీళ్ళు భరించలేనంత వేడిగా ఉంటే చన్నీళ్ళు కలుపుకోవచ్చు. అక్కడే దాదాపు 90 డిగ్రీల ఊటలో జనం గుడ్లూ చిలగడదుంపలూ వల సంచుల్లో కట్టి ఉడకేస్తుంటారు. శాకాహారులకు చిలగడదుంప చక్కటి సాయంకాలపు తిండి.

మూడో రోజు బస్సులో షింగూ, హయతమ తైషా. ఆవరణలో వెయ్యేళ్ళదిగా చెప్పే నగి చెట్టుంది. ఆకుకు మధ్య ఈనె ఉండదు, పొడవునా చీలుతుంది గానీ అడ్డంగా తెంపడం కష్టం, అందుకే బంధాలు తెగకుండా కాపాడే ఆకు అని నమ్మకం. దగ్గర్లోని కమికుర గుడికి 538 మెట్లు, మెట్లనడం కన్నా పేర్చిన బండలనాలి. పైన గొతొబికి-ఇవా అనే పెద్ద బండే దైవం. పెద్దవాళ్ళు కింద తోరి దగ్గర కూర్చోవడమే మంచిది, వాన ఉంటే మీరూ ఎక్కొద్దు. అక్కణ్ణుంచి అరగంటలోపు రైలు ప్రయాణంలో కీ-కత్సుఉరా, రాత్రి అక్కడే.

నాలుగో రోజు పొద్దున్నే నాచి. బస్సులో దైమోన్-జకా స్టాపులో దిగండి. 800 ఏళ్ళ రెండు సుగి చెట్లు దారికి చెరోవైపు జంటగా నిలబడి ఉంటాయి, వాటి మధ్యలోంచి 267 రాతిమెట్లు. పైన మళ్ళీ గుడి మెట్లు. మొత్తం గంట. ఎక్కలేనివాళ్ళు అదే బస్సులో పైకి పోవచ్చు. ఇక్కడ ఒక్క నియమం పాటించండి: రాతిమెట్లు ఎక్కడానికే వాడండి, దిగడానికి వద్దు. పైన దర్శనమయ్యాక మూడంతస్తుల పగోడా పక్కనుంచి జలపాతం వైపు దిగి, నాచి-నొ-తకి-మయె స్టాపులో బస్సెక్కితే వచ్చిన మెట్లు దిగే పని తప్పుతుంది.

నాచిలో షింటో గుడి, సెయిగాంతో-జి బౌద్ధాలయం గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. ఇదెలా అని మీకు అనిపిస్తుంది. వెయ్యేళ్ళకు పైగా ఇక్కడ రెండూ ఒకటే. హోంగూ దేవుడు అమితాభ బుద్ధుడి అవతారం, హయతమ దేవుడు వైద్య బుద్ధుడైన భైషజ్యగురువు, నాచి దేవత వేయిచేతుల అవలోకితేశ్వర బోధిసత్వుడు అని పూజించారు. 1868లో మెయిజీ ప్రభుత్వం బుద్ధుణ్ణీ దేవుణ్ణీ విడదీయమంది. మిగతా రెండు క్షేత్రాల్లో బౌద్ధ మందిరాలు పోయాయి. నాచిలో ఒక్క మందిరం మిగిలి, 1874లో సెయిగాంతో-జిగా మళ్ళీ తెరుచుకుంది. ఇప్పుడున్న కట్టడం 1590లో, అప్పటి జపాన్ పాలకుడు తొయొతొమి హిదెయొషి కట్టించింది. 33 కన్నోన్ (అవలోకితేశ్వరుడి జపనీస్ పేరు) ఆలయాల సాయిగొకు యాత్ర ఇక్కడే మొదలవుతుంది. ఈ ఆలయాన్ని స్థాపించింది సముద్రంలో కొట్టుకొచ్చిన భారతీయ సన్యాసి రగ్యో అని స్థలపురాణం. అంతకన్నా గట్టి ముడి కింద నాచి స్టేషన్ దగ్గరి ఫుదరకుసన్-జిలో ఉంది. అవలోకితేశ్వరుడి నివాసమైన పోతలక పర్వతం దక్షిణ భారతంలో, సముద్రం దగ్గర ఉందని బౌద్ధ గ్రంథాలు చెప్తాయి. దాన్ని చేరాలని ఈ ఆలయ సన్యాసులు నెల రోజుల తిండితో పడవ గదిలో కూర్చుని, బయటి నుంచి తలుపు మేకులతో బిగించుకుని, సముద్రంలోకి సాగిపోయారు. ఆ పడవ నమూనా ఆవరణలో ఉంది. బయల్దేరే ముందు ఇరవై నిమిషాలు దానికి కేటాయించండి. అక్కడికి వెళ్ళే మనవాళ్ళు తక్కువ, వెళ్ళాల్సింది మనవాళ్ళే.

జలపాతం 133 మీటర్లు. దాని ముందున్న హిరో గుళ్ళో విగ్రహమూ లేదు, గర్భగుడీ లేదు, నీళ్ళే దైవం. పైన అంచుకు కట్టిన పవిత్రమైన తాడును ఏటా రెండుసార్లు, జులై 9న, డిసెంబరు 27న మారుస్తారు. కత్సుఉరా నుంచి షిన్-ఒసాకాకు రైల్లో నాలుగు గంటలు, కాబట్టి మధ్యాహ్నం రెండు లోపు స్టేషన్‌కు చేరండి.

తిండి సంగతి అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది. ఈ పల్లెల్లో హోటళ్ళు తక్కువ, రాత్రి, పొద్దుటి భోజనం బసలోనే పెడతారు. కూరగాయల వంటకంలో కూడా ఎండుచేప పులుసు, దషి, వేస్తారు. అక్కడికి వెళ్ళాక చెప్తే వాళ్ళు చేసేదేమీ ఉండదు, బుకింగ్‌లోనే రాయాలి. బసలు, సామాను ఒక బస నుంచి మరో బసకు పంపే ఏర్పాటు రెండూ తనబె వాళ్ళు నడిపే కుమానో ట్రావెల్ సైటులో దొరుకుతాయి, నవంబరు గదులు నెలల ముందే నిండిపోతాయి. శాకాహారం పెట్టగలమని ఒప్పుకున్న బస ముందు ఖాయం చేసుకుని, దాన్నిబట్టి తేదీలు సర్దుకోండి. పల్లె బసల్లో కార్డు చెల్లకపోవచ్చు, నగదు ఉంచుకోండి. నడకరోజు డబ్బాకు ఉప్పు మాత్రమే వేసిన అన్నం ముద్దలు, షియో-ముసుబి, అడగండి. దానికి మన కందిపొడి, చింతకాయ పచ్చడి చాలు. పొడులు, పచ్చళ్ళు సీసాల్లో కాకుండా గట్టిగా సీలు చేసిన ప్యాకెట్లలో తెచ్చుకోండి. పళ్ళు మాత్రం తేవద్దు, విమానాశ్రయంలో తీసేసుకుంటారు. ఈ వాక్యం తెలుగులో రాసుకుని చదివి వినిపించండి: నికు మొ సకానా మొ తబెమాసెన్, సకానా నొ దషి మొ తబెమాసెన్. మాంసం, చేప, చేపతో చేసిన పులుసు కూడా తినం అని.